ఒకే రైలుమార్గం, ముగ్గురు ఎంపీలు: సరిహద్దు తెలుగువాళ్ళకు పార్లమెంటు ఎక్కడ దొరుకుతుంది?

నౌపడ నుంచి గుణుపురం వెళ్ళే రైలుమార్గం పొడవు సుమారు 90 కిలోమీటర్లు. పర్లాకిమిడి రాజావారి చలవతో 1900లో మొదలైన చిన్న పట్టాల లైను అది. 1931 నాటికి గుణుపురం దాకా సాగింది, 2011లో బ్రాడ్‌గేజ్ అయింది. నౌపడ ఉన్నది శ్రీకాకుళం జిల్లాలో, శ్రీకాకుళం లోక్‌సభ స్థానంలో. కాసేపటికి రైలు ఒడిశాలోకి వెళ్ళి పర్లాకిమిడిలో ఆగుతుంది. అది గజపతి జిల్లా కేంద్రం, బరంపురం లోక్‌సభ స్థానంలో భాగం. చివరి స్టేషన్ గుణుపురం రాయగడ జిల్లాలో, కోరాపుట్ లోక్‌సభ స్థానంలో ఉంది. ఎక్కినవాడు దిగేలోపు రెండు రాష్ట్రాలు, మూడు నియోజకవర్గాలు దాటేస్తాడు. పెట్టెలో తెలుగు, ఒడియా, సవర కలగలిసి వినిపిస్తూనే ఉంటాయి.

ఆ పెట్టెలో కూర్చున్న పర్లాకిమిడి తెలుగువాడిని ‘మీ ఎంపీ మొన్నటి సమావేశాల్లో ఏం అడిగారు?’ అంటే జవాబు దొరకడం కష్టం. అందులో అతని తప్పేమీ లేదు. ఇంట్లో నడిచే తెలుగు న్యూస్ చానెల్‌కు పార్లమెంటు అంటే ఆంధ్రప్రదేశ్ ఎంపీలు 25 మంది, తెలంగాణ ఎంపీలు 17 మంది. ఒడియా చానెల్ పెడితే కటక్, భువనేశ్వర్ సంగతులు ముందు వస్తాయి. ఒడిశాకున్న 21 స్థానాల్లో దక్షిణపు కొసనున్న రెండు మూడింటి వంతు ఎప్పటికో గానీ రాదు. దాంతో విజయవాడ ఎంపీ ఎవరిని ఏమన్నారో పర్లాకిమిడి వంటింట్లో కూడా తెలుస్తుంది, బరంపురం ఎంపీ ఏ శాఖను ఏ ప్రశ్న అడిగారో మాత్రం వీధిలో ఎవరికీ తెలియదు.

ఢిల్లీ సభతో ఈ ప్రాంతానికి పరిచయం లేక కాదు. వి.వి.గిరి 1894లో పుట్టింది బరంపురంలోనే. 1967 నుంచి 1969 వరకు ఉపరాష్ట్రపతిగా రాజ్యసభను నడిపింది ఆయనే. 1996లో పి.వి.నరసింహారావు నంద్యాలలోనూ బరంపురంలోనూ గెలిచి, నంద్యాలను వదులుకుని బరంపురం సీటు ఉంచుకున్నారు. ఎంపీలు తమ నియోజకవర్గంలో పనులకు నిధులు సూచించే ఎంపీ లాడ్స్ పథకం కూడా ఆయన ప్రధానిగా ఉండగా, 1993 డిసెంబరులో మొదలైనదే. ఇప్పుడు ఒక్కో ఎంపీకి ఏడాదికి 5 కోట్లు. చాలా ఊళ్ళలో జనం తమ ఎంపీని గుర్తుపట్టేది ఆ పథకం శిలాఫలకాల మీదే. కమ్యూనిటీ హాలు గోడ మీద పేరుంటే ఎంపీ పనిచేసినట్టు, లేకపోతే చేయనట్టు. నిజానికి ఎంపీ అసలు పని సభలో మాట్లాడటం, ప్రశ్నించటం, ఓటేయటం. దానికి శిలాఫలకం ఉండదు. ఉన్నది సభ రికార్డుల కాగితమే. ఆ కాగితం సమావేశాలు నడిచే ప్రతిరోజూ, ఎవరైనా చదువుకునేలా బయటికి వస్తుంది. ఏ రాష్ట్రపు మీడియా కూడా పూర్తిగా పట్టించుకోని సరిహద్దు మనిషికి పార్లమెంటు దొరికే చోటు అదే.

షెడ్యూలులోని ఒక వాక్యం

ఆ కాగితం ఎంత దూరం వస్తుందో చూడాలంటే ఈ రైలుమార్గమే చాలు.

2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ ఆంధ్రప్రదేశ్ పునర్విభజన బిల్లును ఆమోదించింది. ఆ సంగతి ఎత్తితే సరిహద్దు తెలుగువాళ్ళకు రెండు దృశ్యాలు గుర్తొస్తాయి: ఆ రోజు ప్రత్యక్ష ప్రసారం ఆగిపోవడం, అంతకు అయిదు రోజుల ముందు సభలో పెప్పర్ స్ప్రే కొట్టడం. రెండూ టీవీ జ్ఞాపకాలే. ఒడిశాలో ఉంటున్నవాళ్ళు ‘అది వాళ్ళ గొడవ’ అనుకుంటూ కొంచెం బాధగా, కొంచెం వినోదంగా చూశారు. అయితే ఆ చట్టం చివర్లో పదమూడో షెడ్యూలు అని ఒకటుంది. అందులో రైల్వే గురించి ఒక వాక్యం. చట్టం అమల్లోకి వచ్చిన రోజు నుంచి ఆరు నెలల్లోగా ఆంధ్రప్రదేశ్‌లో కొత్త రైల్వే జోన్ ఏర్పాటును భారతీయ రైల్వే పరిశీలించి, త్వరగా నిర్ణయం తీసుకోవాలని దాని సారాంశం.

అందులోని క్రియ చూడండి. ‘ఏర్పాటు చేయాలి’ అని లేదు, ‘పరిశీలించాలి’ అని ఉంది. చట్టం అమల్లోకి వచ్చింది 2014 జూన్ 2న. ఆరు నెలలు గడిచాయి, ఏళ్ళు గడిచాయి. జోన్ ఏదని అడిగినప్పుడల్లా ప్రభుత్వానికి గొడుగు పట్టింది ఆ క్రియే. చివరికి 2019 ఫిబ్రవరి 27న విశాఖపట్నం కేంద్రంగా సౌత్ కోస్ట్ రైల్వే జోన్‌ను ప్రకటించారు. అప్పుడే వాల్తేరు డివిజన్‌ను విడదీసి, ఒడిశా వైపు భాగానికి రాయగడ కేంద్రంగా కొత్త డివిజన్ అన్నారు. ఆ డివిజన్‌కు 2025 జనవరి 6న శంకుస్థాపన జరిగింది. మర్నెలలోనే కేంద్ర మంత్రివర్గం 2019 నాటి పంపకాన్ని సవరించింది. వాల్తేరు డివిజన్‌ను పూర్తిగా తీసెయ్యకుండా, చిన్నది చేసి విశాఖపట్నం డివిజన్ అని పేరు మార్చింది.

ఆ సవరణ ప్రకారం నౌపడ–పర్లాకిమిడి ముక్క విశాఖపట్నం డివిజన్‌కు, అంటే సౌత్ కోస్ట్ జోన్‌కు వెళ్ళింది. పర్లాకిమిడి–గుణుపురం ముక్క రాయగడ డివిజన్‌కు, అంటే ఈస్ట్ కోస్ట్ జోన్‌కు వెళ్ళింది. తొంభై కిలోమీటర్ల లైనును పర్లాకిమిడి దగ్గర రెండుగా కోశారు. 2014లో ‘వాళ్ళ గొడవ’ అనుకున్న బిల్లు పదకొండేళ్ళ తర్వాత వచ్చి మన స్టేషన్ ప్లాట్‌ఫారం మీద గీత గీసింది.

దీనివల్ల మంచి జరుగుతుందా చెడు జరుగుతుందా అన్నది వేరే లెక్క. రాయగడకు డివిజన్ రావడం ఆ ప్రాంతం చాలాకాలంగా కోరుకున్నదే. ఇక్కడ గమనించాల్సింది గొలుసు: షెడ్యూలులో ఒక వాక్యం, దాని మీద ఏళ్ళ తరబడి ప్రశ్నలు, ఒక ప్రకటన, ఒక మంత్రివర్గ నిర్ణయం. ఇందులో ప్రతి లంకెకూ పార్లమెంటు రికార్డులో జాడ ఉంటుంది. టీవీకి గుర్తున్నది మాత్రం పెప్పర్ స్ప్రే.

నక్షత్రం లేని ప్రశ్నల్లోనే సరుకు

లోక్‌సభ పదకొండు గంటలకు ప్రశ్నోత్తరాలతో మొదలవుతుంది. రాజ్యసభలో 2014 నవంబరు నుంచి దాన్ని మధ్యాహ్నం పన్నెండుకు మార్చారు. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్రపు ప్రశ్నలు ఉంటాయి. వీటికి మంత్రి లేచి జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలు కూడా అడగొచ్చు. గంటలో అయిదారు వచ్చినా గొప్పే. గొడవ జరిగిన రోజు అవీ రావు. టీవీ చూపించేది ఈ గంటనే, అందుకే ‘సభలో ఏమీ జరగడం లేదు’ అన్న అభిప్రాయం బలపడిపోయింది.

అదే రోజు నక్షత్రం లేని ప్రశ్నలు 230 వరకు ఉంటాయి. వీటికి రాతపూర్వక జవాబులు వస్తాయి. సభ రెండు నిమిషాల్లో వాయిదా పడినా ఆ జవాబులు సభ ముందుకు వచ్చినట్టే లెక్క, సాయంత్రానికి చదువుకోవడానికి దొరుకుతాయి. పార్లమెంటు మీద ఆసక్తి ఉన్న మనిషి రోజుకు అరగంట కేటాయించగలిగితే ఆ అరగంట ఇక్కడ పెట్టడం మేలు. శాఖల్ని గుంపులుగా విడదీసి వారంలో ఒక్కో గుంపుకు ఒక్కో రోజు ఇస్తారు కాబట్టి, రైల్వే రోజు ఏదో, గిరిజన వ్యవహారాల రోజు ఏదో సమావేశాల మొదట్లోనే రాసిపెట్టుకోవచ్చు. రోజూ చదవక్కర్లేదు.

జవాబు చదవడం కొంచెం అలవాటు మీద వచ్చే పని. ప్రశ్న ఎప్పుడూ నాలుగైదు ముక్కలుగా ఉంటుంది: ఫలానా లైను సంగతి ప్రభుత్వానికి తెలుసా, తెలిస్తే వివరాలేమిటి, ఎంత ఖర్చయింది, ఆలస్యానికి కారణమేమిటి, ఎప్పటికి పూర్తవుతుంది. జవాబు దగ్గరకొచ్చేసరికి ‘ఎ నుంచి ఇ వరకు’ అని అన్నిటినీ ఒకే మూటగా కట్టేస్తారు. మూట కట్టడం ఊరికే జరగదు. విడివిడిగా జవాబిస్తే ఖాళీ కనిపించే ముక్క ఒకటి ఉంటుంది, మూటలో అది కలిసిపోతుంది. కాబట్టి ముందు ప్రశ్నలోని ముక్కలు లెక్కపెట్టి, తర్వాత ఏ ముక్కకు జవాబు రాలేదో వెతకాలి. తరచూ జారిపోయేది ‘ఎప్పటికి’ అన్న ముక్కే.

రైల్వే జవాబుల్లో ఏళ్ళుగా తిరిగే ఒక వాక్యముంది. రైల్వే ప్రాజెక్టులు రాష్ట్ర సరిహద్దులు దాటి పోతాయి కాబట్టి వాటి సర్వే, మంజూరు, నిర్మాణం జోన్ల వారీగా జరుగుతాయి, రాష్ట్రాల వారీగా కాదు అని. చదివి చదివి కంఠస్థం వచ్చేసే వాక్యం. ఇన్నాళ్ళూ దాన్ని దాటేసి పోయినా నష్టం లేకపోయేది. ఇప్పుడు జోన్ల సరిహద్దే పర్లాకిమిడి మీదికి వచ్చింది కాబట్టి ఆ వాక్యం విలువ మారిపోయింది. ఈస్ట్ కోస్ట్ రైల్వే పేరు పెట్టి అడిగిన ప్రశ్నకు గుణుపురం వైపు సంగతులు మాత్రమే వచ్చి, నౌపడ వైపు సంగతులు రాకపోవచ్చు. రెండు జోన్ల పేర్లూ ప్రశ్నలో ఉన్నాయా లేదా అన్నది ఇకనుంచి చూసుకోవాల్సిన విషయం.

ఇలాంటి అరిగిపోయిన వాక్యాలు ఇంకా ఉన్నాయి. ‘ప్రస్తుతం అలాంటి ప్రతిపాదన ఏదీ పరిశీలనలో లేదు’ అన్నదానిలో బరువంతా ‘ప్రస్తుతం’ మీద ఉంటుంది. ‘ప్రజారోగ్యం రాష్ట్ర జాబితాలోని అంశం’ అని మొదలైతే ఇక మిగతా పేజీలో కేంద్ర పథకాల పరిచయం తప్ప జిల్లా సంగతి ఉండదని దాదాపు తేల్చుకోవచ్చు. ‘సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందుంచుతాం’ అన్నది చూడగానే చాలామంది విసుక్కుని మూసేస్తారు. అదే పొరపాటు. నిజానికి వీటన్నిటిలో బాగా పనికొచ్చేది ఆ వాక్యమే.

ఎందుకంటే సభలో మంత్రి ‘పరిశీలిస్తాం’, ‘విచారిస్తాను’, ‘సమాచారం తెప్పించి సభకు ఇస్తాం’ అంటే అది హామీ కిందికి వస్తుంది. ఏయే మాటలు హామీ అవుతాయో ఒక జాబితాయే ఉంది. రెండు సభల్లోనూ ప్రభుత్వ హామీల కమిటీలున్నాయి, లోక్‌సభ కమిటీ 1953 నుంచి పనిచేస్తోంది. హామీ ఇచ్చిన శాఖ మూడు నెలల్లో దాన్ని నెరవేర్చాలి, లేదా గడువు పొడిగించమని కమిటీని అడగాలి. హామీని వదిలేయమని కోరే వీలు కూడా ఉంది, దానికి కారణం చెప్పాలి. ఊళ్ళో ఎవరైనా పెద్దమనిషి ‘చూద్దాంలే’ అంటే అది వద్దని అర్థం. అదే మాట మంత్రి సభలో అంటే ఫైలు తెరుచుకుంటుంది. నోటితో ‘లేదు’ అనిపించుకోవడం కన్నా కాగితం మీద ‘చూస్తాం’ అనిపించుకోవడంలోనే ఎక్కువ లాభముందని అనుభవమున్న ఎంపీలకు తెలుసు.

రైల్వేకు సంబంధించి ఇంకో కాగితం ఉంది. 2017 నుంచి రైల్వే బడ్జెట్ విడిగా లేకపోయినా పింక్ బుక్ అనే పట్టిక ఇంకా వస్తూనే ఉంది. అందులో ప్రతి లైనుకూ ఎంత ఇచ్చారో ఉంటుంది, అంకెలు వేల రూపాయల్లో ఉంటాయి. గుణుపురం నుంచి తేరుబలికి కొత్త లైను గురించి ఎన్నికలకొకసారి విన్నవాళ్ళు ఉపన్యాసాలు పక్కనపెట్టి ఆ వరుస వెతుక్కోవడం మంచిది. పింక్ బుక్‌లో కొన్ని ప్రాజెక్టుల ఎదురుగా వెయ్యి రూపాయలని మాత్రమే కనిపిస్తుంది. అచ్చుతప్పు కాదది. ప్రాజెక్టును పద్దులో బతికించి ఉంచడానికి వేసే నామమాత్రపు అంకె. వెయ్యి రూపాయలతో పట్టాలు కాదు కదా, పర్లాకిమిడిలో నలుగురికి మంచి భోజనం కూడా కష్టమే.

ఎవరు ఎటు ఓటేశారు

సరిహద్దు మనుషులకు బాగా గుర్తున్న మరో ఓటు 1999 ఏప్రిల్ 17 నాటిది. వాజ్‌పేయి ప్రభుత్వం విశ్వాస పరీక్షలో 269–270తో, ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. అప్పటి కోరాపుట్ ఎంపీ గిరిధర్ గమాంగ్, గుణుపురం వైపు సవర నాయకుడు. సరిగ్గా రెండు నెలల ముందే, ఫిబ్రవరి 17న, ఒడిశా ముఖ్యమంత్రి అయ్యారు. అయినా లోక్‌సభ సభ్యత్వం వదులుకోలేదు, వచ్చి ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటేశారు. ముఖ్యమంత్రి లోక్‌సభలో ఓటేయడమేమిటని సభలో పెద్ద రభస జరిగింది. స్పీకర్ స్థానంలో ఉన్నది అమలాపురం నుంచి వెళ్ళిన జి.ఎం.సి.బాలయోగి. నిర్ణయాన్ని ఆయన గమాంగ్ విజ్ఞతకే వదిలేశారు.

ఈ కథ చెప్పేటప్పుడు ‘రూలు తప్పి ఓటేశాడు’ అనడం మామూలైపోయింది. రూలు చూస్తే సంగతి వేరు. రాజ్యాంగం నిషేధించింది పార్లమెంటులోనూ రాష్ట్ర శాసనసభలోనూ ఒకేసారి సభ్యుడిగా ఉండటాన్ని. శాసనసభలో సభ్యుడు కాని వ్యక్తి ఆరు నెలల దాకా మంత్రిగా, ముఖ్యమంత్రిగా ఉండవచ్చు. గమాంగ్ అప్పటికి శాసనసభకు ఎన్నిక కాలేదు. కాబట్టి ఆ ఓటు మర్యాద అవునా కాదా అని వాదించుకోవచ్చు గానీ చెల్లదనడానికి ఆధారం లేదు. ఒక్క ఓటుతో పడిపోయింది కాబట్టి ఆ 270 మందిలో ప్రతి ఒక్కరి ఓటూ ఆ ఒక్క ఓటే. పేరు మాత్రం గుణుపురానికి వచ్చింది.

1999 ఓటునూ 2014 ఓటునూ పక్కపక్కన పెడితే ఇంకో తేడా కనిపిస్తుంది. 1999లో జరిగింది డివిజన్, అంటే ఎవరి ఓటు వాళ్ళది లెక్కపెట్టే పద్ధతి. ఎవరు ఎటు ఓటేశారో రికార్డులో ఉంది. 2014లో పునర్విభజన బిల్లు లోక్‌సభలో మూజువాణి ఓటుతో గట్టెక్కింది. ‘అవునన్నవారు ఎక్కువ’ అని స్పీకర్ ప్రకటిస్తే అయిపోతుంది, పేర్లు ఉండవు. మన పార్లమెంటులో చాలా బిల్లులు ఇలాగే పోతాయి. ఎవరైనా సభ్యుడు డివిజన్ కావాలని పట్టుబడితేనే లెక్క తేలుతుంది. అందుకని ‘ఫలానా బిల్లుకు మా ఎంపీ ఓటేశాడా’ అన్న ప్రశ్నకు చాలాసార్లు కచ్చితమైన జవాబే ఉండదు. 1985 నాటి పార్టీ ఫిరాయింపుల చట్టం తర్వాత విప్ (ఇలా ఓటేయాలన్న పార్టీ ఆదేశం) ఉన్న చోట ఓటు ఎటో ముందే తెలిసిపోతుంది కాబట్టి అసలు ఆ ప్రశ్నకున్న పదునే తగ్గిపోయింది. ఎంపీ సొంత బుర్ర కనిపించేది ఓటులో కన్నా అడిగిన ప్రశ్నలో, అత్యవసర సంగతులెత్తే జీరో అవర్‌లో ఎత్తిన మాటలో, ఏదైనా సంగతిని సభ దృష్టికి తెచ్చే 377వ నిబంధన కింద చదివిన ప్రకటనలో. ఆ ప్రకటన 250 మాటలు దాటకూడదు, పోస్టుకార్డంత. దానికి శాఖ తర్వాత ఎంపీకి లిఖితపూర్వకంగా జవాబిస్తుంది.

ఎంపీల మార్కుల పట్టికలు ఇప్పుడు బాగా తిరుగుతున్నాయి. హాజరు ఇంత శాతం, ప్రశ్నలు ఇన్ని, చర్చలు ఇన్ని అని. వాటిని ఒక హెచ్చరికతో చదవాలి. మంత్రులు హాజరు పట్టీలో సంతకం చేయరు, ప్రశ్నలు అడగరు. మన రైలుమార్గం మొదట్లో ఉన్న శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు 2024 జూన్ నుంచి పౌర విమానయాన మంత్రి. పట్టికలో ఆయన అడిగిన ప్రశ్నలు సున్నా అని చూసి గుణుపురంలో ఎవరైనా నవ్వితే నవ్వే తప్పు. ప్రశ్నల సంఖ్య కూడా మోసం చేయగలదు. ఒకే ప్రశ్నను పది మంది పేర్లతో కలిపి వేయడం మామూలే. వంద ప్రశ్నలడిగి ఒక్కదానిలోనూ జిల్లా పేరు లేని ఎంపీ ఉండొచ్చు, పన్నెండు అడిగి ఆరింటిలో వంశధార, ఉపాధి కూలి, రైలు ఎత్తినవాడూ ఉండొచ్చు.

కోరాపుట్ సంగతి తీసుకుంటే ఇంకోటి చెప్పాలి. ప్రస్తుత ఎంపీ సప్తగిరి శంకర్ ఉలాక 2024లో గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ స్థాయీ సంఘానికి అధ్యక్షులయ్యారు. పార్లమెంటులో ఇలాంటి శాఖల స్థాయీ సంఘాలు 24 ఉన్నాయి, ఒక్కోదానిలో 31 మంది: లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. 1993లో 17తో మొదలై 2004లో 24 అయ్యాయి. వీటి సమావేశాలు తలుపులు మూసి జరుగుతాయి, టీవీ ఉండదు. టీవీ లేకపోవడం వల్లే కావచ్చు, పార్టీల కేకలు తగ్గి అధికారుల్ని నిలబెట్టి అడగడం పెరుగుతుంది. నివేదికలు మాత్రం అందరికీ దొరుకుతాయి. బడ్జెట్ సమావేశాల మధ్య విరామంలో ప్రతి సంఘమూ తన శాఖ పద్దుల్ని చూసి నివేదిక ఇస్తుంది, ఆ తర్వాత ప్రభుత్వం వాటిలో ఏది ఒప్పుకుందో ఏది తోసిపుచ్చిందో చెప్పే మరో నివేదిక వస్తుంది. గ్రామీణ రోడ్లు, కూలి బకాయిల గురించి రాయగడ జిల్లా మనిషికి పనికొచ్చే సమాచారం సభ చర్చలో కన్నా ఈ నివేదికల్లోనే ఎక్కువ. దానికి అధ్యక్షుడు మన ప్రాంతపు ఎంపీయే అన్న సంగతి కూడా తెలుగు వార్తల్లో పెద్దగా వినిపించేది కాదు.

పేరు రాసే తీరు కూడా చట్టమే

గీతకు ఇటూ అటూ ఒకే మనుషులు ఉన్నచోట పార్లమెంటు ఎంత దగ్గరగా తగులుతుందో 2024 ఫిబ్రవరి చూపించింది. అది పదిహేడో లోక్‌సభ చివరి సమావేశాల కాలం. షెడ్యూల్డ్ తెగల జాబితాల సవరణకు రెండు బిల్లులు ఒకేసారి వచ్చాయి, ఒకటి ఒడిశాకు, రెండోది ఆంధ్రప్రదేశ్‌కు. జాబితాలో పేరు చేర్చాలన్నా తీయాలన్నా రాష్ట్ర ప్రభుత్వం వల్ల కాదు. రాజ్యాంగం 342వ అధికరణ ప్రకారం పార్లమెంటు చట్టం చేయాల్సిందే. జాబితా రాష్ట్రానికొకటి. కొండరెడ్లు ఆంధ్రప్రదేశ్ జాబితాలో ఎప్పటినుంచో ఉన్నారు, మాట్లాడేది తెలుగే. కొండకు ఒడిశా వైపున్న కొండరెడ్డికి మాత్రం 2024 బిల్లు దాకా ఆ పేరుతో చోటు లేదు. అదే బిల్లు మూకదొరలనూ చేర్చింది. ఆంధ్రప్రదేశ్ బిల్లు బోండో పోర్జ, ఖోండ్ పోర్జ, కొండ సవర పేర్లను చేర్చింది.

ఒడిశా బిల్లు తెరిచి చూస్తే మూకదొర అన్న పేరు ఒకసారి కాదు, కొద్ది తేడాలతో నాలుగు రకాలుగా కనిపిస్తుంది: మూక, నూక అని రెండు పేర్లు, ఒక్కోదాన్ని ఇంగ్లిష్‌లో ఒక ‘యు’తో ఒకసారి, రెండు ‘ఓ’లతో ఒకసారి. దూరం నుంచి చూసేవాడికి ఇది నవ్వులాటలా ఉంటుంది. తహసీల్దార్ ఆఫీసులో సర్టిఫికెట్ కోసం నిలబడ్డవాడికి తెలుసు ఆ అక్షరం ఖరీదు. బడి రికార్డులో ఒక స్పెల్లింగు, భూమి కాగితంలో ఇంకో స్పెల్లింగు, ప్రభుత్వ జాబితాలో మూడోది ఉంటే దరఖాస్తు వెనక్కి వస్తుంది. ఢిల్లీలో రెండు సభలు కూర్చుని, ఒక పేరులో ‘యు’ రాసినా చెల్లుతుంది, ‘ఓఓ’ రాసినా చెల్లుతుంది అని చట్టం చేయాల్సి వచ్చిందంటే వెనకాల ఎన్ని తిరస్కరణలు ఉండి ఉంటాయో ఊహించుకోవచ్చు. ఇలాంటి బిల్లు మీద టీవీ చర్చ పెట్టేవాళ్ళు అరుదు. చర్చ పెట్టడానికి అందులో గొడవ లేదు.

గొడవ ఉన్న సంగతులూ ఉన్నాయి. పొట్టంగికీ సాలూరుకూ మధ్య కొటియా గ్రామాల మీద రెండు రాష్ట్రాల వివాదం ఎప్పటినుంచో నడుస్తోంది. రాష్ట్రాల సరిహద్దు మార్చే అధికారం మూడో అధికరణ ప్రకారం పార్లమెంటుదే. వంశధార నీళ్ళ కోసం 1956 నాటి అంతర్రాష్ట్ర నదీజలాల వివాదాల చట్టం కింద 2010లో ట్రిబ్యునల్ వేశారు, ఆ నది మీది నేరడి బ్యారేజీ సంగతిని విచారించింది ఆ ట్రిబ్యునలే. వీటి మీద రెండు రాష్ట్రాల ఎంపీలూ అడుగుతారు. శ్రీకాకుళం నుంచి వచ్చిన ప్రశ్ననూ బరంపురం నుంచి వచ్చిన ప్రశ్ననూ పక్కపక్కన పెట్టుకుని చదవగలిగే సౌకర్యం సరిహద్దు తెలుగువాడికే ఉంది. శ్రీకాకుళంలో ఉన్నవాడు ఒకటే చదువుతాడు.

భాష ఒక అడ్డంకే, అయితే అనుకున్నంత పెద్దది కాదు. స్పీకర్ అనుమతితో సభ్యులు మాతృభాషలో మాట్లాడొచ్చు, తెలుగుకూ ఒడియాకూ సభలో అనువాదకులున్నారు. అచ్చయిన చర్చల్లో మాత్రం తెలుగు ప్రసంగం తెలుగులో కనబడదు. దాని ఇంగ్లిష్ అనువాదం వేసి, పేజీ అడుగున చిన్న నక్షత్రం పెట్టి, మూలం తెలుగు అని రాస్తారు. ఒడియా ప్రసంగానికీ అంతే. హిందీ ప్రసంగం హిందీలోనే ఉంటుంది. ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలుంటే వాళ్ళ చేత చదివించుకోవచ్చు, ఫోన్లో అనువాదం చేసుకున్నా సారం అందుతుంది. ‘సభ టేబుల్ మీద ఉంచారు’ లాంటి మాటల దగ్గర ఫోన్ తడబడుతుంది. లాంఛనంగా సభ ముందుంచారనే దాని అర్థం.

అలా సభ ముందుంచాల్సిన కాగితాల్లో ఒడిశా తెలుగువాళ్ళకు నేరుగా సంబంధించినది ఒకటుంది. 1956లో ఏడో సవరణతో రాజ్యాంగంలో 350బి అధికరణ చేరింది. భాషాపరమైన అల్పసంఖ్యాకుల కోసం ఒక ప్రత్యేక అధికారి ఉండాలని, ఆయన నివేదికలను రెండు సభల ముందూ ఉంచాలని, రాష్ట్ర ప్రభుత్వాలకూ పంపాలని అది చెబుతుంది. దాని పక్కనే ఉన్న 350ఎ ప్రాథమిక విద్య మాతృభాషలో అందాలంటుంది. బరంపురంలోనో పర్లాకిమిడిలోనో తెలుగు బడికి టీచరు లేకపోతే జనం వెళ్ళేది బ్లాక్ ఆఫీసుకు, ఆ తర్వాత ఎమ్మెల్యే దగ్గరికి. ఆ నివేదికలో తమ జిల్లా గురించి ఏం రాశారో చూసి, దాని మీద ప్రశ్న వేయమని ఎంపీకి ఉత్తరం రాసేవాళ్ళు తక్కువ. ప్రశ్నకు పదిహేను రోజుల ముందు నోటీసు కావాలి కాబట్టి ఆ ఉత్తరం సమావేశాలు మొదలయ్యాక కాదు, తేదీలు ప్రకటించగానే వెళ్ళాలి. ప్రశ్న 150 మాటలు దాటకూడదు, ఉత్తరం కూడా అంతలోనే ఉంటే ఎంపీ ఆఫీసులో కుర్రాడికి పని తేలికవుతుంది.

ఎంపీ కదలకపోతే లోక్‌సభకు నేరుగా పిటిషన్ పెట్టే దారి ఉంది, దాన్ని చూడటానికి 15 మంది సభ్యుల కమిటీ ఉంది. కోర్టులో నడుస్తున్న విషయం, రాష్ట్ర శాసనసభ తేల్చాల్సిన విషయం పనికిరావు. రైలు వేళలు, ప్లాట్‌ఫారం ఎత్తు, రెండు డివిజన్ల మధ్య నలిగే స్టేషన్ సంగతి నిక్షేపంగా పనికొస్తాయి. పిటిషన్ తెలుగులో రాయొచ్చు. దానికి హిందీ అనువాదమో ఇంగ్లిష్ అనువాదమో జతచేసి, పిటిషన్ పెట్టినవాళ్ళు దాని మీద కూడా సంతకం చేయాలి. సభలో ప్రవేశపెట్టాలంటే ఒక ఎంపీ ప్రతిసంతకం కావాలి. నౌపడ–గుణుపురం రైలు మీద పిటిషన్ పెట్టాలనుకునేవాళ్ళకు ఆ సంతకం కోసం తలుపు తట్టడానికి మాత్రం కరువులేదు, బరంపురం ఉంది, కోరాపుట్ ఉంది.